చెయ్యెత్తు పరీక్ష

అశ్విని కార్తె, మొదటి వారం

బండి నేర్చుకునేవాళ్ళు ఏ రోజు తప్పులు ఆ రోజే రాసి చూపించాలని దస్తగిరి సార్ ఆర్డరు. చూపించే పుస్తకంలో ఇవాళ "మలుపులో అద్దం చూడలేదు" అని రాశాను. నిజానికి చూశాను. ఏదో ఒకటి రాయకపోతే పొగరనుకుంటాడు. ఇది మాత్రం నా సొంత రాత, ఎవరికీ చూపించేది కాదు. కాబట్టి ఉన్నమాటే రాస్తాను: మా బ్యాచ్‌లో ఈ చౌడేశ్వరి అంత బాగా, అంటే నా అంత బాగా, బండి నడిపేవాళ్ళు ఇంకొకరు లేరు.

ఒట్టి బండి నడపడానికి లైసెన్సు ఎవరికైనా ఇస్తారు. రాళ్ళు తోలుకో, నీళ్ళ పీపాలు తోలుకో, ఎవరూ అడగరు. మనుషుల్ని ఎక్కించుకోవాలంటేనే ఈ తిప్పలన్నీ. ఇక్కడ నేల మీదున్న మా ఊరు పైరేకుల నుంచి అక్కడ నేల కింద ఉన్న బిలపురం దాకా చలవ బండిలో ఆరుగురిని కూర్చోబెట్టి తీసుకెళ్ళాలి. బండి నడిచేది ఎండతోనే, కాబట్టి పట్టపగలే బయలుదేరాలి. తలుపులు ఇక్కడి గేటు దగ్గర మూస్తే అక్కడి గేటు దగ్గరే తియ్యాలి. దారిలో ఒక్కసారి తీస్తే లోపలి చలవంతా పోతుంది. పోయిన చలవ మళ్ళీ పుట్టేలోగా మనుషులు ఉడికిపోతారు. ఒకప్పుడు ఒక డ్రైవరు దారిలో నడిచిపోతున్న బిడ్డను చూసి జాలిపడి తలుపు తీశాడట. గేటు చేరేసరికి బండిలో బతికి ఉన్నది అతనూ ఆ బిడ్డా మాత్రమే. ఈ కథ దస్తగిరి సార్ మాకు వారానికి ఒకసారి చెబుతాడు, చెప్పినప్పుడల్లా చచ్చినవాళ్ళ పేర్లు కూడా చదువుతాడు.

లైసెన్సు వచ్చినవాళ్ళ కుటుంబానికి బిలపురంలో ఇల్లిస్తారు. నాకు కావలసింది అది. మా ఆయన మద్దిలేటికి పోయిన ఎండాకాలంలో చెమట ఆగిపోయింది. ఎంత ఎండలో నిలబడినా ఒంటి మీద చుక్క పుట్టదు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, రోహిణి కార్తె వచ్చేలోగా కిందికి తీసుకుపొమ్మంది. తీసుకుపోకపోతే ఏమవుతుందని నేను అడగలేదు. ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది.

అశ్విని కార్తె, చివర

చెయ్యెత్తు పరీక్ష సంగతి ఇవాళ క్లాసులో చెప్పాడు. అందరికీ ముందే తెలుసు, అయినా మొత్తం విడమరిచి చెప్పాడు.

చివరి పరీక్షలో ఆరుగురు ప్రయాణికులను ఎక్కించుకుని బిలపురం వెళ్ళాలి. దారిలో ఒక రాయి దగ్గర ఒక మనిషి నిలబడి చెయ్యెత్తుతాడు. అరుస్తాడు, దణ్ణం పెడతాడు, బండికి అడ్డం రాబోతాడు. మనం ఆపకూడదు, వేగం తగ్గించకూడదు. కాలు వణికినా పక్కన కూర్చునే దస్తగిరి సారో, లైసెన్సు ఆఫీసు మనిషో కనిపెట్టేస్తాడు. ఆ నిలబడే మనిషి ఎవరంటే, మన ఇంటి మనిషే అయి ఉండాలి.

"పరాయోణ్ణి ఇడిసిపెట్టి పోవడం ఏం గొప్పమ్మా," అన్నాడాయన. "అది పసిపిల్లోళ్ళు గూడా చేస్తారు. రోడ్డు మీద పోతాంటే మీకు ప్రతోడూ మీ వాడి మాదిరే కనపడతాడు. ఆ జబ్బు ముందే వదిలిచ్చాల."

నిలబడే మనిషికి చలవ బనియను ఇస్తారు, ఒక సీసా నీళ్ళిస్తారు. అతనికీ మార్కులుంటాయి. బాగా అడుక్కోకపోతే పరీక్ష రద్దు.

ఇంటికొచ్చి చెప్పాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, మద్దిలేటి, వాళ్ళమ్మ సుంకులమ్మ. ఆమె నాకు మేనత్త కూడా. అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి, "నేను నిలబడతా లేబ్బా. నాకు ఏడవడం బాగ వచ్చు," అంది.

"నువ్వు యాడ నిలబడతావు? మోకాళ్ళు పట్టుకోని మూడడుగులు ఎయ్యలేవు," అన్నాడు మద్దిలేటి. "నేనే నిలబడతా."

"నీకు చెమట రాదు కదా బావా," అన్నాను.

"చెమట ఎవురికి కావాల్నే? చెయ్యి ఎత్తాలంతే కదా."

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. కానీ అత్త మోకాళ్ళు నాకూ తెలుసు. ఇంకొక మనిషి మాకు లేడు. మనిషి లేకపోతే పరీక్ష లేదు. చివరికి అన్నం కూడా తినకుండా అలిగి పడుకున్నాను, అలిగితే మనుషులు పుట్టుకొస్తారన్నట్టు.

భరణి కార్తె, మొదటి వారం

నిలబడే మనుషులకు ఒంటి పరీక్ష ఉందన్నారు. ఎండ జబ్బు ఉన్నవాళ్ళను తీసుకోరు. ఉందని దాచి నిలబెడితే ఇచ్చిన లైసెన్సు కూడా లాక్కుంటారు.

ఇక్కడ పైరేకుల్లో జబ్బు దాచడం అందరికీ వచ్చిన విద్యే. ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి, వరుసలో మా వంతు వచ్చే ముందు బావ నుదుటి మీద, మెడ వెనకా, చంకల్లో అద్దాను. వట్టి నీళ్ళయితే పరీక్ష చేసేవాడు నాలుకకు రాసుకుని కనిపెడతాడు. నా పైట కొంగులో తడిగుడ్డ దాచుకుని భార్యాభర్తలం ముద్దులాడుకుంటున్నట్టు నిలబడ్డాం. వెనకున్న ముసలామె "సిగ్గు లేదు జనానికి," అని అటు తిరిగింది.

పరీక్ష చేసేవాడు వేలితో బావ మెడ తుడిచి నాలుకకు రాసుకున్నాడు. తల ఊపి ముద్ర వేశాడు. బయటికొచ్చాక బావ నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు. నేనూ నవ్వాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

భరణి కార్తె, మధ్యలో

పొద్దు వాలాక మా సందులో ప్రాక్టీసు పెట్టుకున్నాం. నేను పీట మీద కూర్చుని బండి నడుపుతున్నట్టు చేతులు తిప్పుతాను. బావ సందు చివర నిలబడి చెయ్యెత్తుతాడు. మొదటిరోజు పెళ్ళిలో భోజనానికి పిలుస్తున్నట్టు ఊపాడు.

"అట్ల కాదురా, పానం పోతాండేటోడు అంత ముద్దుగా పిలుస్తాడా?" అని అత్త కొంగు నడుముకు చుట్టి తనే చేసి చూపించింది. నేల మీద పడి దొర్లింది. "నా తల్లీ, నా బంగారూ, నీ కాళ్ళు మొక్కుతా, ఒక్క గుక్క చలవ!" అని అరిచింది. చుట్టుపక్కల రేకుల ఇళ్ళవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి పడీపడీ నవ్వారు. రోజూ మా ఇంటి ముందు ఇదే వినోదం. బావకు జనం చూస్తే హుషారు. నాలుగో రోజుకి ఎంత బాగా ఏడుస్తున్నాడంటే, పీట మీద కూర్చున్న నేను బండి సంగతే మరిచిపోయాను. చేతులు ఆగిపోయాయి.

"ఆపినావు! ఫెయిలు!" అని అత్త నెత్తిన మొట్టింది.

ఆ తర్వాత నేను ఆపలేదు. అది కూడా అలవాటయ్యే విషయమే.

భరణి కార్తె, చివర

బావా నేనూ ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆలోచన నాదే.

"నువ్వు ఏడ్చేది ఆటో నిజమో నాకు ఎట్ల తెలుస్తాది?" అని అడిగాను.

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిజంగా పానం మీదికొస్తే రోడ్డుకు ఈపు పెట్టి కూచ్చుంటా. అడుక్కునేటోడు ఎవుడన్నా ఈపు చూపిస్తాడా? చూపియ్యడు. నేను ఈపు చూపిచ్చినానంటే అది ఆట కాదని ఎరుక చేసుకో."

మంచి గుర్తే. నాకు తోచేది కాదు. కానీ ఎవరికీ చెప్పొద్దని మూడుసార్లు ఒట్టు వేయించుకున్నాను. మా బావ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళికి ముందు నేను ఇచ్చిన దువ్వెన సంగతి పొద్దు గుంకేలోగా ఊరంతా చెప్పిన ఘనుడు.

కృత్తిక కార్తె, పరీక్షకు ముందురోజు

నిలబడే మనుషులందరినీ నిన్ననే ఆఫీసు వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. పరీక్ష అయ్యేదాకా అక్కడే ఉంచుతారు. మాతో మాట్లాడనివ్వరు.

ఇవాళ ఆఖరి క్లాసు. దస్తగిరి సార్ టీ తాగుతూ, వాతావరణం సంగతి చెబుతున్నంత తేలిగ్గా చెప్పాడు.

"ఇండ్లల్లో గుర్తులు పెట్టుకోనుంటారు మీరు. దగ్గితే నిజం, తుమ్మితే నిజం అని. మాకు తెలీదనుకుంటాండారా? నిన్న ఒక్కొక్కర్నీ కూచోబెట్టి అడిగినాం. అందరూ చెప్పినారు. చెప్పనోడికి నీళ్ళ సీసా ఇచ్చేది లేదన్నాం. రేపు మీకు ఆ గుర్తులు కనపడతాయి. మేమే చేయమన్నాం. కనపడినా పోవాల. అదే అసలు పరీక్ష."

నా పక్కన కూర్చున్న పిల్ల ఏడ్వడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే బావ మీద. నీళ్ళ సీసా చూపించగానే చెప్పేసి ఉంటాడు. అడక్కుండానే చెప్పి ఉంటాడు, ఇంకో రెండు గుర్తులు కలిపి మరీ.

ఇంటికొస్తే అత్త, "ఏం చెప్పినారు మే?" అంది. రేపు బాగా నడపమన్నారని చెప్పాను.

కృత్తిక కార్తె, పరీక్ష రోజు

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గాలి లేదు, దుమ్ము లేదు. రోడ్డు చివరిదాకా కనిపిస్తోంది. ఈ మాట ముందుగా రాసిపెడుతున్నాను.

ఆరుగురు ఎక్కారు. దస్తగిరి సార్ నా పక్కన. తలుపులు మూసుకున్నాయి. బండి చేతికింద మెత్తగా కదిలింది. మలుపులన్నీ బాగా తీసుకున్నాను. గుట్ట దిగాక దూరంగా రాయి కనిపించింది, రాయి పక్కన మనిషి.

మా బావ నిలబడే తీరే. చెయ్యెత్తాడు. రెండు చేతులూ ఎత్తాడు. సందులో కంటే బాగా చేస్తున్నాడనుకున్నాను. రోడ్డు మీదికి రెండడుగులు వచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు. చేతులు జోడించాడు. వెనక సీట్లో ఒక పెద్దామె "అయ్యో పాపం," అంది. నేను ఎదురుగా చూస్తూ బండి వేగం అలాగే ఉంచాను.

అప్పుడు బావ మోకాళ్ళ మీదే పక్కకు జరిగాడు. నెమ్మదిగా తిరిగాడు. రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

చలవ బనియను మీద నీళ్ళ మరక కనపడింది. తల వెనక జుట్టు కనపడింది. అరవడం లేదు. చేతులు ఎత్తడం లేదు. మామూలుగా, అరుగు మీద కూర్చున్నట్టు, కూర్చున్నాడు.

నేను అనుకున్నదేమిటో ఉన్నదున్నట్టు రాస్తాను. చెప్పేశాడు, వాళ్ళు చేయమన్నారు, చేస్తున్నాడు. ఇలాగే అనుకున్నాను. నమ్మానా, నమ్మాలనుకున్నానా అని ఇప్పుడు అడిగితే తెలియదు. కాలు మాత్రం వణకలేదు. దస్తగిరి సార్ నా కాలివైపే చూస్తున్నాడు. అద్దంలో కూడా నేను వెనక్కి చూడలేదు. మలుపుల్లో అద్దం చూసే మనిషిని, అక్కడ చూడలేదు.

బిలపురం గేటు దగ్గర తలుపులు తెరిచారు. లోపలి చల్లగాలి ముఖానికి తగిలింది. ఆఫీసు గదిలో లైసెన్సు బిళ్ళ మెడలో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా బ్యాచ్‌లో మొదటి బిళ్ళ నాదే. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ క్షణంలో ఆనందంతో గాలిలో తేలిపోయాను.

దస్తగిరి సార్ చెయ్యి కలిపి, "నీకు నూటికి నూరు. మీ ఆయనకే తగ్గించినాం," అన్నాడు.

"ఎందుకు సార్?"

"గుర్తు సరిగ్గా చేయలేదు. నెత్తి మీద రెండు చేతులు పెట్టుకోవడమే మీ గుర్తని చెప్పినాడు మాకు. పెట్టుకున్నాడా? లేదు. ఊరికే అటు తిరిగి కూచ్చున్నాడు. మనిషికి శ్రద్ధ లేదు."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. నాకు వినపడలేదు.

చెప్పలేదు. మా బావ చెప్పలేదు. దువ్వెన సంగతి కూడా దాచుకోలేని మనిషి, నీళ్ళ సీసా ఇచ్చేది లేదన్నా, అబద్ధపు గుర్తు చెప్పి, అసలుది నా కోసం దాచిపెట్టాడు.

"సార్, వ్యాను ఎప్పుడు పోతాది? వాళ్ళను తెచ్చే వ్యాను?"

"అందరి పరీక్షలూ అయినాక. ఇంకా తొమ్మిది బండ్లు రావాల. యాల?"

యాల అంటే మా ఆయనకు చెమట రాదు కాబట్టి. బనియనులో చలవ అయిపోతే అతని ఒళ్ళు రేకు మాదిరి కాలుతుంది కాబట్టి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే జబ్బు దాచినట్టు ఒప్పుకున్నట్టే. మెడలో బిళ్ళ తీసేస్తారు. బిళ్ళ లేకపోతే ఇల్లు లేదు, ఇల్లు లేకపోతే రోహిణిలో ఎలాగూ పోతాడు. చెబితే తప్పకుండా పోతాడు, చెప్పకపోతే బతికినా బతకవచ్చు. అక్కడ నిలబడి నేను వేసుకున్న లెక్క ఇది. ఇప్పుడు మళ్ళీ వేసినా అదే వస్తోంది. అందుకే నామీద నాకు అసహ్యంగా ఉంది.

నాకిప్పుడు లైసెన్సు ఉంది. బయట బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకటి తీసుకుని నేనే వెళ్ళొచ్చు. వెళ్ళి తలుపు తీస్తే ఆ నిమిషంతో లైసెన్సు పోతుంది.

"ఏం లేదు సార్," అన్నాను. "అన్నం వండాల, అందుకని."

"సంసారం చేసే ఆడోళ్ళు ఇట్లే ఉండాల," అని నవ్వాడు.

ఒక్కో బండీ వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళ మెడలో బిళ్ళ వేస్తుంటే చప్పట్లు కొట్టాను. నిన్న క్లాసులో ఏడ్చిన పిల్ల మాత్రం ఫెయిలైంది. తలుపు తియ్యలేదు, ఊరికే వేగం తగ్గించింది. వాళ్ళ నాన్నట. దస్తగిరి సార్ ఆమెను గోడ దగ్గర నిలబెట్టి మాకందరికీ చూపించాడు. నేనూ చూశాను. ఆమె బండి వల్ల ఆలస్యమైందని నాకు కోపం కూడా వచ్చింది.

అదే రోజు, పొద్దు వాలాక

నిలబడినవాళ్ళను ఎక్కించుకుని వ్యాను ముందూ, మా బండ్లు దాని వెనకా పైరేకులకు తిరిగి వచ్చాయి. మిగతావాళ్ళు నడిచి దిగారు. మా బావను వ్యాను లోపల నేల మీద పడుకోబెట్టి తెచ్చారు. నిద్రపోతున్నాడని వ్యాను వాడు చెప్పాడు.

బతికే ఉన్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు. ఎడమ చెయ్యి పైకెత్తి వదిలితే పడిపోతోంది. తడిగుడ్డలు కప్పాం. అత్త చెంచాతో గంజి పోసింది. చాలాసేపటికి మాట వచ్చింది. మొట్టమొదట అడిగినది లైసెన్సు గురించే.

మెడలో బిళ్ళ చూపించాను. కుడిచేత్తో తడిమాడు.

"దుమ్ము లేసినట్టుండాది మే, అప్పుడు," అన్నాడు. మాట కాస్త వంకరగా వస్తోంది. "నీకు కనపడిండదు."

నా ముఖం వైపే చూస్తున్నాడు, తెరుచుకున్న ఆ ఒక్క కంటితో. ఏం చెప్పాలో తనే చెప్పి, అది చెప్పమని నా కోసం ఎదురుచూస్తున్నాడు.

"అవును బావా," అన్నాను. "ఒకటే దుమ్ము. ఏమీ కనపడలేదు."

తల ఊపాడు.

"దుమ్మేందిరా?" అంది అత్త చెంచా పట్టుకుని. "అప్పడాలు ఆరేసినా పొద్దంతా. ఈగ గూడా వాల్లేదు, దుమ్ము యాడిది?"

ఇద్దరం ఆమె వైపు చూడలేదు. బావ కన్ను మూసుకుని గోడవైపు తిరిగాడు.

కృత్తిక కార్తె, ఆఖరి రోజు

రేపటి నుంచి రోహిణి. ఇవాళ నా మొదటి బాడుగ. నా ఆరు సీట్లలో ముగ్గురు పరాయివాళ్ళు. నా వాళ్ళు ఇద్దరు: అత్త, బావ. మిగిలిన ఒక సీట్లో మా గిన్నెలూ చెంబులూ. ఆ సీటుకూ డబ్బు కట్టించుకున్నారు.

ఈ పది రోజుల్లో బావ నాతో పోట్లాడలేదు. నేను ఏది పెడితే అది తిన్నాడు, బాగుందన్నాడు. సందులో వాళ్ళు చెయ్యెత్తి చూపించమని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. రెండుసార్లు నేనే తగువు పెట్టుకోబోయాను. పెరాలిసిస్ వచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు చెప్పిందే కరెక్టులే," అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి. గుట్ట దిగాను. పరీక్షలన్నీ ఈ ఏడాదికి అయిపోయాయి, ఇంక రాళ్ళ దగ్గర ఆఫీసు నిలబెట్టిన మనుషులు ఉండరు. అయినా ఒకామె ఉంది. చంకలో ఏదో మూట. మూటో బిడ్డో తెలియలేదు. టికెట్టుకు డబ్బుల్లేక తెల్లారకముందే నడక మొదలుపెట్టి, ఎండకు దొరికిపోయి ఉంటుంది. చెయ్యెత్తడానికి కూడా ఓపిక లేదు. మోచేతి దాకా ఎత్తి అలాగే పట్టుకుంది.

నా కాలు ఎక్కడుందో అక్కడే ఉంది.

అత్తకు ఇవన్నీ కొత్త. ఎప్పుడూ చలవ బండి ఎక్కిన మనిషి కాదు. కిటికీ అద్దానికి ముఖం ఆనించి కేక పెట్టింది. "చౌడీ! ఆపు మే! ఆడమనిషి నిలబడుకోనుండాది! కనపళ్ళేదా నీకు? చౌడీ!"

పరాయివాళ్ళు ముగ్గురూ తలలు వంచుకుని తమ కాళ్ళవైపు చూసుకుంటున్నారు. ఇవాళ అద్దంలో చూశాను. బావ తన కుడిచేత్తో వాళ్ళమ్మ భుజం పట్టుకుని సీట్లోకి లాగి కూర్చోబెట్టాడు. కోపం లేదు. జబ్బు మనిషి గురించి ఇంట్లోవాళ్ళకు చెప్పే గొంతుతో చెప్పాడు.

"అరవాకమ్మా. దానికి కనపడదు."